వేసవిలో క్రెడిట్ల పంట!

మే నెల రెండోవారం వచ్చిందంటే చాలు, అమెరికాలో యూనివర్సిటీ ఊళ్ళు ఒక్కసారిగా బోసిపోతాయి. హాస్టళ్ళ ముందు కార్లు బారులు తీరతాయి. పరుపులూ పుస్తకాలూ చిన్న ఫ్రిజ్జులూ డిక్కీల్లోకి ఎక్కేస్తాయి. ఇక ఆగస్టు దాకా ఆ వైపు ఎవరూ తొంగిచూడరనే అనుకుంటాం. కానీ పట్టుమని రెండు మూడు వారాలు గడుస్తాయో లేదో... మళ్ళీ తరగతి గదుల్లో లైట్లు వెలుగుతాయి. లెక్కల్లో తప్పినవాళ్ళూ, ఒక సెమిస్టరు ముందే డిగ్రీ పట్టా అందుకోవాలనుకునేవాళ్ళూ, ఇంకా హైస్కూలు గడప దాటని పిల్లలూ, ఉద్యోగం చేసుకుంటూ చదువుకునే నడివయసువాళ్ళూ- అంతా ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అదే సమ్మర్ స్కూల్.

మన దగ్గర సమ్మర్ అనగానే కోచింగ్ గుర్తొస్తుంది. ఎప్‌సెట్‌కో, ఐఐటీకో, కనీసం స్పోకెన్ ఇంగ్లిష్‌కో. అక్కడి సంగతి వేరు. ఆ ఆరు వారాల్లో చదివిన పాఠం డిగ్రీలో జమపడుతుంది. బ్యాంకులో డబ్బు వేసినట్టే ఖాతాలో క్రెడిట్లు పడతాయి. జేఎన్‌టీయూలో చదివినవాళ్ళకు క్రెడిట్ అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. 'క్రెడిట్లు చాలక డిటెయిన్ అయ్యాను' అన్న మాట వినని ఇంజినీరింగ్ హాస్టల్ ఉండదు. అలా చాలని క్రెడిట్లను ఏడాది పోగొట్టుకోకుండా వేసవిలో పూడ్చుకునే దారి అమెరికా విద్యార్థికి ఉంది. అయితే అది నల్లేరు మీద నడకేమీ కాదు!

లెక్క ఎక్కడ తప్పుతుందంటే...

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ చేతికి రావాలంటే సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. అంటే సెమిస్టరుకు 15. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ప్రభుత్వ ఆర్థిక సాయం లెక్కల్లో 12 క్రెడిట్లు తీసుకుంటే చాలు, 'ఫుల్‌టైమ్' విద్యార్థి అయిపోయినట్టే. 'నేను ఫుల్‌టైమే కదా' అనుకుంటూ సెమిస్టరుకు 12 చొప్పున చదువుకుంటూ పోతే నాలుగేళ్ళయ్యేసరికి చేతిలో ఉండేది 96. ఇంకా 24 బాకీ! ఏ సబ్జెక్టులోనూ తప్పకుండానే ఐదో ఏడాది మెడకు చుట్టుకుంటుందన్నమాట. ఈ మెలిక విద్యార్థులకు అర్థం కావడం లేదనే హవాయి యూనివర్సిటీ 'పదిహేనుతో పూర్తి' అనే అర్థం వచ్చేలా ఓ ప్రచారం మొదలుపెట్టింది. తరవాత చాలా రాష్ట్రాలు దాన్ని అందుకున్నాయి.

ఐదో ఏడాదంటే ఊరికే ఒక అంకె కాదు. మరో ఏడాది ఫీజు, మరో ఏడాది ఇంటద్దె, ఒక ఏడాది ఆలస్యంగా వచ్చే జీతం. అందుకే వేసవికి అంత గిరాకీ. రెండు వేసవుల్లో ఆరేసి క్రెడిట్లు సంపాదిస్తే 12 వస్తాయి. బాకీ సగానికి సగం తీరిపోతుంది.

ఇంకో రకం అవసరమూ ఉంది. గొలుసు సబ్జెక్టులు. మొదటి కాల్‌క్యులస్ అయితేగానీ రెండోది ఇవ్వరు. జనరల్ కెమిస్ట్రీ దాటితేగానీ ఆర్గానిక్ లేదు, ఆర్గానిక్ దాటితేగానీ బయోకెమిస్ట్రీ లేదు. మొదటి మెట్టు మీద కాలు జారితే ఆ పైవన్నీ వరసగా వెనక్కి జరుగుతాయి. జారిన ఆ ఒక్క మెట్టునూ జూన్, జులైల్లో ఎక్కేస్తే ఆగస్టుకల్లా మళ్ళీ తోటివాళ్ళతో కలిసిపోవచ్చు. డాక్టరు కావాలనుకునే పిల్లలు ఆర్గానిక్ కెమిస్ట్రీని వేసవికి వాయిదా వేసుకోవడం అక్కడ మామూలే. మిగతా సబ్జెక్టుల గోల లేకుండా దాని అంతు ఒక్కదాన్నే చూద్దామని!

పంతుళ్ళ కోసం పుట్టిన బడి

ఇప్పుడు చూస్తే ఇదంతా ఫీజుల వ్యాపారంలా కనిపిస్తుంది. పుట్టింది మాత్రం అందుకు కాదు. 1871లో హార్వర్డ్‌లో వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే బడిపంతుళ్ళ కోసం వేసవిలో వృక్షశాస్త్రం తరగతులు పెట్టాడు. ఏడాదంతా పాఠాలు చెప్పేవాళ్ళకు తాము చదువుకునే తీరిక దొరికేది ఆ రెండు నెలలే కదా. అమెరికాలో అన్నింటికన్నా పాత యూనివర్సిటీ వేసవి బడి అదే. రెండేళ్ళ తరవాత, 1873లో, అదే హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ అగాసీ మసాచుసెట్స్ తీరంలోని పెనికీస్ అనే చిన్న దీవిలో ప్రకృతిశాస్త్రం బడి తెరిచాడు. దీవినీ, దాంతోపాటు 50 వేల డాలర్లనూ ఇచ్చింది జాన్ ఆండర్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి. ఆ బడికి ఆడవాళ్ళూ వచ్చారు. హార్వర్డ్ కాలేజీ తలుపులు స్త్రీలకు గట్టిగా మూసి ఉన్న కాలమది. పెద్ద తలుపు తెరవనివాళ్ళు వేసవి కిటికీని మాత్రం తెరిచి ఉంచారు.

1874లో న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున ఆదివారం బడి ఉపాధ్యాయుల కోసం జాన్ విన్సెంట్, లూయిస్ మిల్లర్ కలిసి మొదలుపెట్టిన వేసవి సభలు ఇంకో పెద్ద మలుపు. అక్కడ హీబ్రూ పాఠాలు చెప్పిన విలియం రెయినీ హార్పర్ తరవాత షికాగో యూనివర్సిటీకి తొలి అధ్యక్షుడయ్యాడు. 1892లో తరగతులు మొదలైన ఆ యూనివర్సిటీలో ఏడాదిని నాలుగు క్వార్టర్లుగా కోశాడాయన. వేసవి కూడా మిగతా మూడింటితో సమానమే! అదే పాఠం, అదే ప్రొఫెసరు, అదే విలువ. వేసవి చదువు 'ఎక్స్‌ట్రా క్లాసు' స్థాయి నుంచి అసలు చదువు స్థాయికి ఎదగడంలో ఆయన చెయ్యి పెద్దది.

1900 వేసవిలో హార్వర్డ్ ఇంకో విడ్డూరం చేసింది. అమెరికా సైన్యం ఓడల్లో దాదాపు 1,300 మంది క్యూబా ఉపాధ్యాయులు దిగారు. స్పెయిన్ చేతిలోంచి క్యూబా అప్పుడే అమెరికా చేతిలోకి వచ్చింది. వాళ్ళకు ఇంగ్లిషూ, చరిత్రా, భూగోళమూ నేర్పారు. దాని వెనక రాజకీయం లేదని ఎవరూ అనరనుకోండి. అయినా ఒక దేశపు బడిపంతుళ్ళు వందల సంఖ్యలో మరో దేశపు యూనివర్సిటీకి వేసవి చదువుకు రావడం అప్పటికి కనీవినీ ఎరగని సంగతి.

ఈ కథలో నన్ను బాగా ఆపేసిన మనిషి మాత్రం సెప్టిమా క్లార్క్. 1898లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టిన నల్లజాతి మహిళ. తండ్రి బానిసగా పుట్టినవాడు. 1916లో జాన్స్ ఐలాండ్‌లో టీచరుగా చేరేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. డిగ్రీ లేదు. డిగ్రీ లేకుంటే జీతం పెరగదు. నల్లవాళ్ళను అక్కడి తెల్లవాళ్ళ యూనివర్సిటీలు చేర్చుకోవు. ఉద్యోగం మానేసి ఎక్కడికో వెళ్ళి చదువుకునే స్తోమత లేదు. మిగిలింది వేసవి. 1930 వేసవిలో న్యూయార్క్ వెళ్ళి కొలంబియా యూనివర్సిటీలో చదివింది. 1937లో అట్లాంటా యూనివర్సిటీలో డుబోయిస్ దగ్గర పాఠాలు విన్నది. పిల్లలకు పాఠాలు చెబుతూ, దొరికిన సెలవులనల్లా చదువుకే పెడుతూ 1942లో బీఏ, 1946లో ఎంఏ పూర్తిచేసింది. అంటే ఎంఏ నాటికి నలభై ఎనిమిదేళ్ళు! నల్లవారి హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో ఉద్యోగం పీకేశారు. ఆ తరవాత ఆమె నడిపించిన 'పౌరసత్వ బడులు' దక్షిణాది రాష్ట్రాల్లో వేలాది నల్లవాళ్ళకు చదవడం, రాయడం నేర్పి ఓటర్లుగా నమోదయ్యేలా చేశాయి. అప్పట్లో వేసవి రాగానే రైలెక్కి ఉత్తరాదికి చదువుకోవడానికి వెళ్ళిన నల్లజాతి ఉపాధ్యాయులు ఆమె ఒక్కతే కాదు. కొలంబియాలోని టీచర్స్ కాలేజీకి అలా వచ్చినవాళ్ళు ఎందరో. కొన్ని దక్షిణాది రాష్ట్రాలైతే తమ యూనివర్సిటీల్లో సీటివ్వాల్సి వస్తుందని, వాళ్ళకు వేరే రాష్ట్రంలో చదువుకోవడానికి ఎదురు డబ్బిచ్చి మరీ పంపాయి.

పెన్షన్‌లోంచి పుట్టిన గంట

క్రెడిట్ అనే కొలత ఎలా వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. చదువును కొలుద్దామని కాదు, ముసలి ప్రొఫెసర్లకు పెన్షన్ ఇద్దామని! 1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ప్రొఫెసర్ల పెన్షన్ కోసం కోటి డాలర్లు పక్కనపెట్టాడు. మరి ఏది కాలేజీ, ఏది కాదు? కాలేజీ అని బోర్డు పెట్టుకున్న ప్రతిదానికీ ఇవ్వలేరు కదా. అందుకని ఆయన పెట్టిన ఫౌండేషన్ ఒక షరతు పెట్టింది. హైస్కూల్లో ఒక సబ్జెక్టును 120 గంటలు చదివితే ఒక యూనిట్. అలాంటి యూనిట్లు 14 ఉన్నవాళ్ళనే చేర్చుకునే కాలేజీకే పెన్షన్. డబ్బు మాట వినగానే కాలేజీలన్నీ దారికొచ్చాయి. ఈ గంటల లెక్కే పైకి పాకి కాలేజీల్లో క్రెడిట్ అవర్ అయింది. వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు రెండు గంటలు ఇంటిదగ్గర చదువు, అలా ఒక సెమిస్టరు- ఇదీ ఒక క్రెడిట్.

ఈ కొలత మీద విమర్శలకు కొదవలేదు. కూర్చున్న గంటల్ని లెక్కపెడుతుందిగానీ బుర్రకెక్కినదాన్ని కాదు. నిజమే. కానీ వేసవి చదువు సాధ్యమైందీ ఈ కొలతతోనే. చదువును గంటల్లో కొలిచాక, ఆ గంటల్ని పదిహేను వారాల్లో పరిచినా ఆరు వారాల్లో కుక్కినా విలువ ఒకటే అయింది.

కుక్కితే ఎలా ఉంటుంది?

మూడు క్రెడిట్ల కోర్సు తీసుకుందాం. మామూలు సెమిస్టరులో వారానికి మూడు గంటల తరగతి, ఆరు గంటల ఇంటిపని. అదే ఆరు వారాల వేసవి కోర్సయితే వారానికి ఏడున్నర గంటల తరగతి, పదిహేను గంటల ఇంటిపని. మొత్తం ఇరవై రెండున్నర గంటలు. అలాంటివి రెండు తీసుకుంటే నలభై అయిదు... ఫుల్‌టైమ్ ఉద్యోగాన్ని మించిపోయింది! ఒక వారం జ్వరంతో మంచంపడితే మామూలు సెమిస్టరులో రెండున్నర వారాలు ఎగ్గొట్టినంత నష్టం. రెండో వారంలో మిడ్ టర్మ్. పాఠం నచ్చలేదని వదులుకుని ఫీజు వెనక్కి తీసుకునే గడువు కూడా అంతే వేగంగా, చాలాచోట్ల మొదటి కొద్ది రోజుల్లోనే అయిపోతుంది.

ఇంత హడావుడిగా చదివితే వంటబడుతుందా? కొలరాడో కాలేజీ 1970 నుంచీ ఏడాది పొడవునా ఇదే పద్ధతి నడుపుతోంది. మూడున్నర వారాలు ఒకే సబ్జెక్టు, తరవాత ఇంకోటి. అక్కడి విద్యార్థులేం వెనకబడిపోలేదు. అయితే ఒక తేడా ఉంది. వాళ్ళు ఆ మూడున్నర వారాలూ దాన్నొక్కదాన్నే చదువుతారు. పగలు రెస్టారెంట్లో ప్లేట్లు మోసి, సాయంత్రం కాల్‌క్యులస్ క్లాసుకు పరిగెత్తే కుర్రాడి పరిస్థితి అది కాదు. భాషలకు మాత్రం ఈ కుక్కుడు చక్కగా పనికొస్తుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్‌లో నడిపే దక్షిణాసియా భాషల వేసవి బడిలో ఏడాది భాషాపాఠాన్ని ఎనిమిది వారాల్లో చెప్పి, ఏడాది క్రెడిట్లు ఇస్తారు. కొన్ని వేసవుల్లో హిందీ, ఉర్దూ, తమిళంతో పాటు తెలుగు కూడా ఆ జాబితాలో ఉంది. ఎనిమిది వారాల్లో అఆలు, గుణింతాలు, వత్తులు దాటి మాటల్లోకి రావాలి. మన పిల్లలకే ఎన్నేళ్ళు పడుతుందో గుర్తు తెచ్చుకోండి!

పక్కూరి కాలేజీయే మేలు

ఇక డబ్బు సంగతి. పెద్ద యూనివర్సిటీలు చాలావరకు వేసవిలో క్రెడిట్ చొప్పున వసూలు చేస్తాయి. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో ఒక్క వేసవి కోర్సుకే వేల డాలర్లు అవుతాయి. తెలివైనవాళ్ళు అందుకే సొంతూరికెళ్ళి పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో చేరతారు. కాలిఫోర్నియాలో ఆ రాష్ట్రంవాళ్ళకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు 2012 నుంచీ యూనిట్‌కు 46 డాలర్లే. మూడు యూనిట్ల కోర్సుకు 138. పుస్తకం అంతకన్నా ఎక్కువ ఖరీదు పెట్టాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు. బయటి రాష్ట్రాలవాళ్ళకూ విదేశీ విద్యార్థులకూ మాత్రం ఈ రేటు వర్తించదు.

పేద విద్యార్థుల విషయంలో ఓ విషాదం నడిచింది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు శరత్తు, వసంతం సెమిస్టర్లకే అయిపోయేది. వేసవిలో చదవాలంటే చేతి డబ్బే. 2009-10లో ఏడాది పొడవునా వాడుకునేలా సడలించారు. ఖర్చు పెరిగిపోతోందని 2011లో తీసేశారు. మళ్ళీ 2017లో తెచ్చారు. మధ్యలో ఆరేళ్ళపాటు వేసవి క్రెడిట్లు డబ్బున్నవాళ్ళకు దగ్గరగా, అవసరమున్నవాళ్ళకు దూరంగా ఉండిపోయాయి.

బయట చదివిన క్రెడిట్ సొంత యూనివర్సిటీలో జమవుతుందా అన్నది అసలు చిక్కు. ముందుగా అడ్వైజరు దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. కోర్సు పేరు ఒకటే అయినంత మాత్రాన సరిపోదు, సిలబస్ సరితూగాలి. చాలాచోట్ల కనీసం 'సి' గ్రేడు రావాలి. ఇంకో ముఖ్యమైన ముక్క- సాధారణంగా క్రెడిట్ వస్తుందిగానీ గ్రేడు రాదు. అంటే సొంత యూనివర్సిటీలో పాడైన జీపీఏని పక్కూరి 'ఎ' గ్రేడుతో బాగుచేసుకోలేం. దానికి మళ్ళీ సొంత యూనివర్సిటీలోనే చదవాలి. ఈ తేడా తెలియక ఆగస్టులో తలపట్టుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు.

హైస్కూలు పిల్లల విషయంలో అమ్మానాన్నలు, ముఖ్యంగా అక్కడి మన తెలుగు అమ్మానాన్నలు, ఒకటి గమనించాలి. హార్వర్డ్, బర్క్‌లీ లాంటి చోట్ల హైస్కూలు పిల్లలు కాలేజీ కోర్సే చదివి క్రెడిట్ తెచ్చుకునే వీలుంది. కానీ అదే ఆవరణలో సర్టిఫికెట్ తప్ప క్రెడిట్ ఇవ్వని శిబిరాలూ నడుస్తుంటాయి. కొన్నయితే యూనివర్సిటీవి కూడా కావు, గదులు అద్దెకు తీసుకున్న కంపెనీలవి. బ్రోషర్ మీద గోపురం బొమ్మ చూసి డబ్బు కట్టేముందు 'ట్రాన్‌స్క్రిప్టు ఇస్తారా?' అని అడగాలి. వేసవిలో హార్వర్డ్‌లో చదివినంత మాత్రాన హార్వర్డ్‌లో సీటు రాదు. ఇక్కణ్నుంచి వెళ్ళే పిల్లలయితే సందర్శక వీసా మీద వెళ్ళి క్రెడిట్ కోర్సు చదవడం కుదరదన్నది గుర్తుంచుకోవాలి. దానికి విద్యార్థి వీసా ఉండాల్సిందే.

మనవాళ్ళ ఎమ్మెస్... ఒక క్రెడిట్ ఇంటర్న్‌షిప్

హైదరాబాద్, విజయవాడ, వరంగల్‌ల నుంచి ఎమ్మెస్‌కు వెళ్ళేవాళ్ళకు వేసవి అంటే తరగతి కన్నా ఇంటర్న్‌షిప్పే ఎక్కువ. ఎఫ్-1 విద్యార్థి తరవాతి సెమిస్టరులో చేరేటట్లయితే వేసవిలో చదవకపోయినా వీసాకు ఇబ్బంది లేదు. (చదువు మొదలుపెట్టేదే వేసవిలో అయితే మాత్రం పూర్తి లోడు తీసుకోవాలి.) కంపెనీలో పనిచెయ్యాలంటే సీపీటీ కావాలి. సాధారణంగా ఒక విద్యాసంవత్సరం పూర్తయ్యాకే అది ఇస్తారు. పని కూడా చదువులో భాగమై ఉండాలని నిబంధన. అందుకే చాలా యూనివర్సిటీలు ఇంటర్న్‌షిప్‌ని ఒక కోర్సుగా చూపించి ఒకటో రెండో క్రెడిట్లకు రిజిస్టర్ చేయిస్తాయి. ఫీజు కట్టి, చివర్లో రిపోర్టు ఇస్తే క్రెడిట్ పడుతుంది. పనిచేసేదీ మనమే, ఫీజు కట్టేదీ మనమే అని పిల్లలు విసుక్కుంటారు. కానీ ఆ ఒక్క క్రెడిట్టే ఆ ఉద్యోగానికి చట్టబద్ధమైన ఆధారం. ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు వాడేస్తే ఆ స్థాయి చదువు తరవాత వచ్చే ఓపీటీ పోతుందన్నది మరో లెక్క.

తరగతే లేని క్రెడిట్ ఎంత దూరం తీసుకెళ్తుందో మనవాళ్ళు రెండుసార్లు చూశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో చాలామంది తెలుగువాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. దాన్ని నడిపిన సూసన్ సూకు 2014లో పదహారేళ్ళ జైలుశిక్ష పడింది. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా ప్రభుత్వమే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ! ప్రొఫెసర్లు లేరు, పాఠాలు లేవు, ఫీజులు మాత్రం వసూలయ్యాయి. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు. కట్టిన ఫీజు వెనక్కి ఇప్పించమని ఓ విద్యార్థి వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో అప్పీలు కోర్టు విచారణ జరగాల్సిందేనంది.

ఇక్కడా మొదలైంది

వేసవి క్రెడిట్లు మనకు కొత్తేమీ కాదు. 1962 నుంచి పదేళ్ళపాటు తొమ్మిది అమెరికా విద్యాసంస్థల సాయంతో ఎదిగిన ఐఐటీ కాన్పూర్‌లో వేసవి టర్మ్ ఎప్పట్నుంచో ఉంది. బిట్స్ విద్యార్థులు, హైదరాబాద్ క్యాంపస్ పిల్లలతో సహా, రెండో ఏడాది తరవాతి వేసవిని ప్రాక్టీస్ స్కూల్ పేరుతో పరిశ్రమల్లో గడుపుతారు. దానికీ యూనిట్లున్నాయి. మిగతా కాలేజీలకే ఇది అందని మావి. సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందిగానీ తప్పిన పాఠాన్ని మళ్ళీ చెప్పే తరగతి ఉండదు. తప్పినవాడికి కావలసింది మరో ప్రశ్నపత్రమా, మరో పాఠమా?

2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన డిగ్రీ చట్రంలో ఎనిమిది వారాల వేసవి టర్మ్‌కు చోటిచ్చారు. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160. మొదటి ఏడాది తరవాత చదువు ఆపేయాల్సి వచ్చిన విద్యార్థి ఆ వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తివిద్య కోర్సో ఇంటర్న్‌షిప్పో పూర్తిచేస్తే వట్టి చేతుల్తో కాకుండా సర్టిఫికెట్‌తో బయటికెళ్ళొచ్చు. తరవాత తిరిగొచ్చి మిగతాది పూర్తిచేసుకోవచ్చు. క్రెడిట్లు దాచుకోవడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చారు. స్వయం వేదిక మీద ఆన్‌లైన్లో చదివిన కోర్సుల నుంచి ఒక సెమిస్టరులో 40 శాతం దాకా తీసుకోవచ్చని 2021 నిబంధనలు చెబుతున్నాయి.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. మే నెల ఎండలో కాలేజీ గేటు తెరిచేదెవరు, వేసవిలో పాఠం చెప్పినందుకు లెక్చరరుకు జీతం ఎవరిస్తారు, హాస్టల్లో మెస్ నడిపేదెవరు అన్నవే తేలాలి. మీ అబ్బాయో అమ్మాయో డిగ్రీ మొదటి ఏడాదిలో ఉంటే కాలేజీలో అడగాల్సినవి రెండు. వాళ్ళ పేరున అకడమిక్ బ్యాంకులో ఖాతా తెరిచారా? వేసవిలో చేసే కోర్సు క్రెడిట్లను యూనివర్సిటీ ఒప్పుకుంటుందని ఎక్కడ రాసి ఉంది? రెండోదానికి జవాబు కాగితం మీదే తీసుకోండి.